స్టేషన్ మిద్దె మీద నేను వేసిన సిమెంటు

సంపాదకులు గారికి నమస్కారం.

నేను బేల్దారి మేస్త్రీని. కడప జిల్లాలో ఒక చిన్న పట్నం మాది. వయసు అరవై నాలుగు. పని మా నాయన దగ్గర నేర్చుకున్నాను. మోకాళ్ళు మాట వినక రెండేళ్ళుగా పనికి కట్టే కర్రల సారవ ఎక్కడం మానేసినాను. మీ పేపరు టీ కొట్టు దగ్గర రోజూ చదువుతాను గానీ, ఉత్తరం రాయడం ఇదే మొదలు. మా ఊరి పోలీస్ స్టేషన్ మిద్దె కారడం గురించి రాస్తున్నాను. తప్పులుంటే దిద్దుకోండి.

ఊరి పేరు కావాలనే రాయలేదు. రాస్తే రేపు పొద్దున్నే ఎవరో ఒకరు వచ్చి ఇప్పుడున్న ఎస్ఐ గారిని నిలదీస్తారు. ఆయన వచ్చి ఎనిమిది నెలలే అయింది. మిద్దె కారబట్టి ఇరవై ఏళ్ళు. కారుతున్న మిద్దె కింద కూర్చున్న పాపానికి ఆ మనిషిని తిట్టడం న్యాయం కాదు. నా పేరు, విలాసం కవరు లోపల వేరే కాగితం మీద రాసి పెట్టినాను, అవి అచ్చు వేయొద్దండి.

విషయం ఏమంటే, మొన్న మా అక్క సంత నుంచి ఇంటికి వస్తుంటే బైకు మీద ఇద్దరు వచ్చి మెళ్ళో సరుడు తెంపుకొని పోయినారు. అక్కకు డెబ్బై దాటింది, షుగర్ ఉంది. మెడ మీద వాత తేలింది. నేను ఆమెను ఆటో ఎక్కించుకొని స్టేషనుకు పోయినాను. అక్కడ మూడు గంటలు పైనే ఉన్నాం. పోలీసోళ్ళు ఆలస్యం చేసినారని కాదు. మాకన్నా ముందు వచ్చినవాళ్ళు ఆరుగురు ఉన్నారు, రాసే మనిషి ఒక్కడు.

మా స్టేషన్ అంటే ముందర వసారా, దాని వెనక ఒక పెద్ద హాలు, ఒక పక్క ఎస్ఐ గారి గది, ఇంకో పక్క లాకప్పు, వెనకాల పాత రికార్డులు, పట్టుకొచ్చిన సామాన్లు పెట్టే గది. తెల్లోళ్ళ కాలంలో కట్టిందని మా నాయన చెప్పేవాడు. వాకిలి పైన కట్టిన సంవత్సరం చెక్కిన రాయి ఉంది. దాని మీద సున్నం, సున్నం మీద డిస్టెంపరు, దాని మీద పెయింటు కొట్టీ కొట్టీ ఇప్పుడు ఒక్క అంకె కూడా కనపడదు. గోకి చూడాలని నాకు ఎన్నిసార్లు అనిపించిందో. స్టేషన్ గోడ గోకుతుంటే ఏమనుకుంటారో అని ఊరుకున్నాను.

రైటర్ కానిస్టేబుల్ మా అక్క చెప్పేది రాసుకుంటున్నాడు. బయట వాన పట్టింది. కాసేపటికి ఆయన తల ఎత్తకుండానే రిజిస్టరును జానెడు దూరం ఎడమకు జరిపినాడు. జరిపిన తర్వాత పడింది చుక్క, సరిగ్గా ఆ రిజిస్టరు ఉన్న చోట. చుక్క కన్నా ముందు ఆయన చెయ్యి కదిలింది. ఎన్ని వానలు చూస్తే ఆ చేతికి ఆ అలవాటు వచ్చి ఉండాలి! ఆ చోట బల్ల పాలిష్ పోయి రూపాయి బిళ్ళంత తెల్ల మచ్చ పడి ఉంది. అటు పక్క కంప్యూటరు మీద యూరియా సంచి కోసి కప్పినారు, కీబోర్డు దగ్గర చేతులు పట్టేంత సందు వదిలి. మూలన బకెట్టు ఒకటి, లాకప్పు వాకిట్లో ఇంకొకటి. లాకప్పులో కూర్చున్న పిల్లోడు ఆ బకెట్టు నిండిందని చెప్తే హోంగార్డు పోయి పారబోసి వచ్చినాడు.

నేను పైకి చూసినాను. మిద్దెను మోసే అడ్డ కర్రలను దంతెలంటారు, గోడ నుంచి మూడో దంతెకు, నాలుగో దంతెకు మధ్యన కారుతోంది. ఆ చోటు నాకు బాగా తెలుసు. దానిపైన సిమెంటు వేసింది నేనే.

2004లోనో 2005లోనో ఒక కాంట్రాక్టరు నన్ను పిలిచి స్టేషన్ మిద్దె కారుతోంది, పైన సిమెంటు మాలు పరిచి ఇయ్యి అన్నాడు. మా నాయన అప్పటికి బతికే ఉన్నాడు, మంచంలో. ఇంటికొచ్చి చెప్తే, "వద్దురా. అది సున్నం మిద్దె. సున్నం నీళ్ళు తాగుతాది, ఎండ కాస్తే కక్కుతాది. సిమెంటు తాగనీదు, కక్కనీదు" అన్నాడు. నాకు ఆ రోజుల్లో పని లేదు, కూతురి పెళ్ళి అప్పు ఉంది. ముసలాయన మాట పక్కన పెట్టి నలుగురు కూలీలను తీసుకొని రెండు రోజుల్లో రెండంగుళాల మందం పరిచి వచ్చినాను. ఆ ఏడు వానకు కారలేదు. బిల్లు అయిపోయింది. రెండో ఏడు ఎండాకాలం పోయి వాన వచ్చేసరికి ముందు ఒక్క చోట కారేది నాలుగు చోట్ల మొదలైంది. దానికి ఇంకొకరెవరో వచ్చి నా సిమెంటు మీద ఇంకో సిమెంటు వేసినారు.

ఇది ఎందుకు వివరంగా చెప్తున్నానంటే, పాత ఆఫీసులు, పాత స్కూళ్ళు, తాలూకా కచేరీలు మన జిల్లాలో ఎన్నో ఇట్లనే చెడిపోతున్నాయి. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం వచ్చిందాకా మనం మద్రాసు రాష్ట్రంలో ఉన్నోళ్ళమే కదా, అక్కడి పద్ధతిలోనే కట్టేవాళ్ళు. దాన్ని మద్రాస్ టెర్రస్ అంటారు. గోడల మీద టేకు దూలాలు, వాటి మీద టేకు దంతెలు. దంతెల మీద సన్న ఇటుకను పడుకోబెట్టకుండా అంచు మీద నిలబెట్టి, ఏటవాలు వరసలుగా సున్నంతో అతికిస్తారు. దాని మీద ఇటుక జల్లి, గానుగ సున్నం అంటే గానుగలో నూరిన సున్నం కలిపి పరుస్తారు. పరిచినాక బెల్లం నీళ్ళు, కరక్కాయ నీళ్ళు చల్లుకుంటూ ఆడవాళ్ళు వరసగా కూర్చొని చెక్క పలకలతో కొడతారు. ఒక రోజు కాదు, రోజుల తరబడి. పలక ఎగిరి వెనక్కి రావాలి, అంత గట్టిపడినప్పుడు ఆపాలని లెక్క. పైన చదును పెంకులు, నీళ్ళు తూముల వైపు పోయేటట్టు వాలు. మా అమ్మ కూడా ఇట్లాంటి మిద్దెలు కొట్టినామెనే. కొట్టేటప్పుడు పాడే పాట ఇప్పుడు నాకు ఒక్క చరణం కూడా రాదు.

అట్లాంటి మిద్దె ఎండకు సాగుతుంది, చలికి ముడుచుకుంటుంది. మన కడప ఎండ గురించి మీకు నేను చెప్పేదేముంది. సున్నం మెత్తన కాబట్టి దంతెలతో పాటు అదీ కాస్త కదులుతుంది. సిమెంటు కదలదు, పగులుతుంది. ఆ పగులులో దిగిన నీళ్ళకు పైకి ఆరే దారి లేదు, సిమెంటు మూత పెట్టింది కదా. అవి లోపలే నిలిచి, దంతె కొనలు గోడలో దూరిన చోట టేకును కుళ్ళబెడతాయి. ఆ తేమకు చెదలు వస్తాయి. కింద నుంచి చూస్తే దంతె నల్లగా నిగనిగలాడుతూ బాగానే ఉన్నట్టు కనపడుతుంది, గోడలో ఉన్న కొన మాత్రం పిండి అయి ఉంటుంది. గునపంతో పొడిస్తే తెలుస్తుంది.

ఇంక బరువు. రెండంగుళాల సిమెంటు మాలు చదరపు అడుగుకు పది కిలోలు తూగుతుంది. హాలు ముప్పై అడుగుల పొడవు, ఇరవై అడుగుల వెడల్పు అనుకోండి, ఆరు వందల అడుగులు. అంటే నేనొక్కణ్ణే ఆ దంతెల మీద ఆరు టన్నులు ఎక్కించి దిగినాను. నా తర్వాత వచ్చినోళ్ళది కూడా కలుపుకోండి. పైగా మిద్దె మట్టం పెరిగి తూములు కిందికి పోయినాయి. రెండు తూములు సిమెంటులోనే పూడిపోయినాయి. ఇప్పుడు వాన నీళ్ళు మిద్దె మీద చెరువు కట్టి, ఎక్కడ సందు దొరికితే అక్కడ దిగుతున్నాయి. ఆ సందు కిందనే రైటర్ బల్ల ఉంది.

గోడలదీ ఇదే కథ. కింద మూడడుగుల దాకా ఆయిల్ పెయింటు కొట్టినారు, శుభ్రంగా కనపడాలని. సున్నపు గోడకు ఆయిల్ పెయింటు కొడితే లోపలి చెమ్మ బయటికి రాలేక పెయింటు బొబ్బలెక్కుతుంది. మా అక్క ఆనుకొని కూర్చున్న చోట చీరకంతా నీలం పొట్టు అంటుకుంది.

వెనక గది సంగతి చెప్పాలి. 2021 నవంబరులో చెయ్యేరు పొంగి అన్నమయ్య ప్రాజెక్టు కట్ట కొట్టుకుపోయింది, మన జిల్లా వాళ్ళు ఎవరూ మరిచిపోరు. ఆ వారం వానలకు మా స్టేషన్ వెనక గదిలో పైన పరిచిన నాపబండ ఒకటి విరిగి కింద పడింది. రాత్రి పూట కాబట్టి, లోపల మనిషి లేడు కాబట్టి సరిపోయింది. బండ పడిన చోట రేకు కప్పి పైన నాలుగు రాళ్ళు పెట్టినారు. ఆ రేకు, ఆ రాళ్ళు ఇప్పటికీ ఉన్నాయి. ఆ గదిలో ఉండేవి ఏమిటో ఆలోచించండి. కేసు కాగితాలు, కోర్టుకు చూపించాల్సిన కత్తులు, బట్టలు, సారా క్యాన్లు. నాపరాయికి పేరుపడ్డ ఎర్రగుంట్ల మా ఊరికి ఎంతో దూరం లేదు. లారీలకు లారీలు బండలు దేశమంతా పోతాయి, స్టేషన్ మిద్దెకు ఒక్క బండ రాలేదు.

ముందు ఆవరణ చూస్తే ఇంకా ఆశ్చర్యం వేస్తుంది. ఎర్రచందనం కేసుల్లో పట్టుకున్న కార్లు, ఇసుక ట్రాక్టర్లు, ఎవరూ విడిపించుకోని బైకులు. ఒక కారు బానెట్ లోపల నుంచి తుమ్మచెట్టు మొలిచి అద్దం పైకి వచ్చింది. మా తమ్ముని కూతురు ప్రొద్దుటూరు కోర్టులో లాయరు. ఆ పిల్ల చెప్పింది, పట్టుకున్న బండ్లను ఏళ్ళ తరబడి స్టేషన్లలో పెట్టుకోవడం వల్ల ప్రయోజనం లేదు, పూచీకత్తు తీసుకొని త్వరగా వదిలిపెట్టమని సుప్రీంకోర్టు 2002లోనే గుజరాత్ కేసు ఒకదానిలో చెప్పిందట. 2024 జూలై 1 నుంచి వచ్చిన కొత్త చట్టం, భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో అయితే గడువే పెట్టినారట. సొత్తు కోర్టు ముందుకు వచ్చిన పద్నాలుగు రోజుల్లో దాని వివరాలు రాసుకొని, ఫోటోలు, అవసరమైతే వీడియో తీయించి, ఆ తర్వాత ముప్పై రోజుల్లో ఏం చెయ్యాలో ఉత్తర్వు ఇవ్వాలట. ఆ తుమ్మచెట్టు వయసు నేను చూసి చెప్పగలను, నలభై నాలుగు రోజులు మాత్రం కాదు.

ఆ ఇనుము తీసేస్తే ఆవరణలో ఒక పక్క రేకుల పందిరి వేసి జనం కూర్చోవడానికి జాగా చేయొచ్చు. ఇప్పుడు ఉన్నది వసారాలో ఒక బెంచీ. దానికి మూడు కాళ్ళే ఉన్నాయి, నాలుగో దాని కింద రెండు ఇటుకలు. మెట్లు మూడు, నాపరాతివి, అరిగి అరిగి నున్నగా ఉన్నాయి, తడిస్తే కాలు నిలవదు. చక్రాల కుర్చీ మనిషి వస్తే ఇద్దరు ఎత్తుకొని పోవాల్సిందే. ఇటుక ముక్కలతో, ఒక మూట సిమెంటుతో వాలు బాట కట్టడం నా శిష్యుడికి ఒక్క పూట పని. సిమెంటు అక్కడ వెయ్యొచ్చు, అది నేల మీద.

మేము పోయి రెండు గంటలు అయ్యేసరికి మా అక్క నా చెయ్యి నొక్కింది. షుగర్ మనిషి, ఎంతసేపని ఆపుకుంటుంది. స్టేషనులో ఉన్న మరుగుదొడ్డి ఒక్కటే, అదీ వెనకాల మగవాళ్ళ బ్యారక్ దాటి పోవాలి. గడియ ఊడిపోయింది. అక్కడున్న మహిళా కానిస్టేబుల్ మా అక్కను చూసి, "రామ్మా, ఎదురింట్లో అడుగుతా" అని గొడుగు పట్టుకొని రోడ్డు దాటించింది. ఎదురింటావిడకు ఇది అలవాటేనట. ఆ పిల్ల తర్వాత మా అక్కతో అందట, తను పొద్దున ఇంటి దగ్గర నుంచి నీళ్ళు తాగకుండా వస్తుందని, డ్యూటీ దిగేవరకు గుక్కెడు మాత్రమే తాగుతుందని. మా అక్క సరుడు సంగతి కన్నా ఆ మాట గురించే ఇంటిదాకా మాట్లాడింది.

ఇంకొకటి కూడా చూసినాను. చెప్పాలా వద్దా అని రెండు రోజులు ఆలోచించి చెప్తున్నాను. మాకన్నా ముందు ఒక చిన్న వయసు అమ్మాయి వాళ్ళమ్మతో వచ్చింది. మహిళా సహాయ కేంద్రం అని బోర్డు పెట్టిన బల్ల ఉంది, బోర్డు బాగుంది. కానీ ఆ బల్ల కూడా ఆ హాలులోనే ఉంది. వాన చప్పుడుకు ఆ అమ్మాయి చెప్పేది వినపడక కానిస్టేబుల్ "గట్టిగా చెప్పు తల్లీ" అంది. గట్టిగా చెప్పింది. మొగుడు ఏం చేసినాడో హాలులో ఉన్న పదిహేను మంది విన్నాం. నేను లేచి వసారాలోకి పోయి నిలబడినాను. నాతో పాటు ఇంకో ముసలాయన వచ్చినాడు. మిగతావాళ్ళు కూర్చునే ఉన్నారు, బయట నిలబడే జాగా లేదు మరి. ప్లైవుడ్ అడ్డం కొట్టి ఒక చిన్న గది చేయడానికి ఏ ఇంజనీరూ అక్కర్లేదు. కార్పెంటరు ఒకడు, రెండు రోజులు.

ఇప్పుడు ఫోనులోనే ఫిర్యాదు ఇయ్యొచ్చు కదా, స్టేషన్ బాగు ఎందుకు అని టీ కొట్టు దగ్గర కుర్రోళ్ళు నాతో వాదించినారు. కొత్త చట్టంలో ఆ వీలు ఉంది, నిజమే. అయితే మూడు రోజుల్లోగా వచ్చి సంతకం చెయ్యాలని కూడా ఉంది. ఏ దారిన పోయినా ఆ నున్నటి మెట్లు ఎక్కాల్సిందే. మా అక్క దగ్గర ఉండేది బటన్ ఫోను. ఆమెను వారం తర్వాత మళ్ళీ ఏదో అడగాలని స్టేషనుకు పిలిచినారు. అప్పుడు మా తమ్ముని కూతురు చెప్పింది, విచారణలో సాక్షిగా అడగాలంటే ఆడవాళ్ళను, అరవై దాటినవాళ్ళను వాళ్ళ ఇంటికే వచ్చి అడగాలని చట్టంలో ఉందని, వాళ్ళంతట వాళ్ళు వస్తామంటే తప్ప పిలవకూడదని. ఎస్ఐ గారికి ఫోను చేసి మర్యాదగా చెప్తే, ఆయన కూడా మర్యాదగానే ఒక మనిషిని ఇంటికి పంపించినారు. అక్క ఆయనకు టీ ఇచ్చి, మిద్దె కారని చోట కూర్చోబెట్టి చెప్పింది.

కెమెరాల సంగతి. స్టేషన్ గేటు, లాకప్పు, వరండాలు, రిసెప్షన్, అన్ని చోట్లా సీసీ కెమెరాలు ఉండాలని, రికార్డు పద్దెనిమిది నెలలు, వీలుకాకపోతే కనీసం ఒక ఏడాది దాచాలని 2020 డిసెంబరు 2న సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. మా స్టేషనులో కెమెరాలు ఉన్నాయి. వైర్లు గోడకు బయటే వేలాడుతున్నాయి, జంక్షన్ బాక్సు సరిగ్గా కారే గోడ మీద బిగించినారు. వాన గట్టిగా పడితే షాకు కొడుతుందని మెయిన్ దించేస్తారు. ఆ రోజు కూడా దించినారు. అంటే వాన పడినప్పుడు ఆ కళ్ళు మూతపడతాయన్న మాట.

ఇదంతా ఎవరు బాగు చెయ్యాలి అని అడిగితే ఒక ఆఫీసు వాళ్ళు ఇంకో ఆఫీసును చూపిస్తారు. ఎలక్షన్ల ముందు ఒకసారి, పెద్ద అధికారి వస్తున్నారని ఒకసారి రంగులు పడతాయి. రంగు వేసిన గోడ ముందు ఫోటో మీ పేపరులోనే వచ్చింది. ఏమీ అనుకోవద్దు, ఆ ఫోటోగ్రాఫరు ఒక్కసారి తల పైకి ఎత్తి ఉంటే బాగుండేది.

ఈ మధ్య కొత్త మాట ఒకటి వినపడుతోంది, పాతది పడగొట్టి బైపాస్ దగ్గర కొత్త భవనం కడతారని. కొత్తది వస్తే వద్దనను, నా పనే కట్టడం. కాకపోతే ఇప్పుడున్న స్టేషన్ బస్టాండుకు నాలుగడుగుల్లో ఉంది. పల్లెల నుంచి వచ్చే ముసలోళ్ళు బస్సు దిగి నడిచి వస్తారు. బైపాసుకు పోవాలంటే ఆటోకు అడిగినంత పెట్టాలి, రాత్రయితే ఆటోనే ఉండదు. కట్టేది ఉంటే ఆ జాగాలోనే కట్టండి. కట్టేదాకా ఇది నిలబడాలి కదా, ఎప్పుడు కడతారో ఎవరికి తెలుసు. తుపాను వానలు అక్టోబరులో మొదలవుతాయి. అంతలోపల పైన ఉన్న సిమెంటు పొరలు తీసేయాలి. సుత్తితో ఊరికే బాదకూడదు, కింద ఇటుక వరస కదులుతుంది. ఉలితో ముక్కలు ముక్కలుగా లేపాలి. తీసిన ముక్కలు మిద్దె మీద కుప్ప పోయకుండా ఎప్పటికప్పుడు కిందికి దించాలి. కుళ్ళిన దంతెలు మార్చి, పూడిన తూములు తెరిచి, వాలు చూసుకొని మళ్ళీ సున్నమే కొట్టాలి. గానుగ సున్నం పని తెలిసినవాళ్ళు మా వైపు ఇంకా ముగ్గురు నలుగురు ఉన్నారు, ఒకాయన గుళ్ళ మరమ్మతుకు పోతుంటాడు.

సిమెంటు ఎక్కడ ఎంత మందం ఉందో, పూడిపోయిన తూములు ఏ మూల ఉన్నాయో నాకు గుర్తుంది. ఏ ఇంజనీరు గారు వచ్చినా నేను మిద్దె ఎక్కి చూపిస్తాను. కూలి వద్దు. మోకాళ్ళ సంగతి చెప్పినాను కదా, కింద నిచ్చెన పట్టుకోవడానికి మాత్రం ఒక మనిషి కావాలి.

ఇట్లు
ఒక బేల్దారి మేస్త్రీ
కడప జిల్లా